భారీ ఫైట్ మొదలవగానే నిద్ర ఎందుకొస్తోంది? ఎడిటింగ్ రూమ్ నుంచి ఒక సమాధానం

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: “నేను సినిమా పిచ్చి ఉన్నవాణ్ణి కాను. నెలకి ఒకటో రెండో యాక్షన్, అడ్వెంచర్ సినిమాలు ఇంట్లోవాళ్లతో కలిసి చూస్తాను. ఈమధ్య వందల కోట్ల సినిమాల్లో క్లైమాక్స్ ఫైట్ మొదలవగానే నిద్ర ముంచుకొస్తోంది. కట్‌లు ఎక్కువై ఏం జరుగుతోందో తెలియడం లేదు. స్లో మోషన్ విసుగు, గ్రాఫిక్స్ అంతా అబద్ధంలా ఉంటోంది, హీరోకి దెబ్బ తగలదు. పాత సినిమాలు మాత్రం ఇప్పటికీ కూర్చోబెడతాయి. నీకు టేస్ట్ లేదని ఫ్రెండ్స్ అంటున్నారు. లోపం నాదా, సినిమాదా? పైగా థియేటర్లో తలనొప్పి కూడా వస్తోంది.”

మీ ఫ్రెండ్స్ మాట పట్టించుకోకండి. నేను హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా ఎడిటింగ్‌లో ఉన్నాను, ఎక్కువగా ఫైట్లే కట్ చేశాను. రఫ్ కట్, అంటే మొదటిసారి కూర్చిన ముడి సినిమా తయారయ్యాక దాన్ని ఇండస్ట్రీతో సంబంధం లేని నలుగురికి చూపించమని నేను ప్రతిసారీ పట్టుబడతాను. ఇండస్ట్రీ వాళ్లు చూస్తే “ఈ షాట్‌కి రోప్ ఎలా కట్టారో” అని మెచ్చుకుంటారు. మామూలు ప్రేక్షకుడు జేబులోంచి ఫోన్ తీసి టైమ్ చూసుకుంటాడు. చీకట్లో ఆ ఫోన్ వెలిగిన చోట ఏ నిమిషమో రాసిపెట్టుకుంటే, రీల్‌లో తేడా ఎక్కడుందో సగం తెలిసిపోయినట్టే. మీకొచ్చే నిద్ర కూడా అలాంటి సమాచారమే. దాన్ని నేను పూర్తిగా నమ్ముతాను.

అయితే మీరు చెప్పిన కారణాలు నాలుగూ నాకు సరిగ్గా అనిపించలేదు. కట్‌లు ఎక్కువున్నా కళ్లు తిప్పుకోనివ్వని సినిమాలున్నాయి. గ్రాఫిక్స్ అని తెలిసీ ఊపిరి బిగబట్టి చూసినవి ఉన్నాయి. అసలు కారణం వీటికంటే ముందుంటుంది. హీరో ఇప్పుడు చేయాల్సిన పని ఏమిటి, దానికి అడ్డేమిటి అన్నది ఫైట్ మొదలయ్యేలోపే మనకి తెలిసిపోవాలి. అది తెలియకపోతే తెర మీద పడే ప్రతి దెబ్బా ఒకేలా ఉంటుంది. ఇరవయ్యో గూండా పడ్డా, ముప్పయ్యో గూండా పడ్డా పని ఎంత దాకా వచ్చిందో లెక్క తెలియదు కాబట్టి మెదడు పట్టించుకోవడం మానేస్తుంది. దాన్నే మీరు నిద్ర అంటున్నారు.

ఇది మనవాళ్లకి ఎప్పుడో తెలిసిన విద్య. బాలనాగమ్మ కథే తీసుకోండి. మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలుకలో ఉంటుంది. ఆ రహస్యాన్ని బాలనాగమ్మ వాడి చేతే చెప్పిస్తుంది. అక్కణ్ణుంచి ఆమె కొడుకు బాలవర్ధిరాజు వేసే ప్రతి అడుగూ చిలుకకి దగ్గరవుతోందా, దూరమవుతోందా అని వినేవాడు లెక్కేసుకుంటూ కూర్చుంటాడు. చివరికి కథలో పెద్ద యుద్ధం కూడా అక్కర్లేదు, చిలుక చేతికి చిక్కితే చాలు. అడ్వెంచర్ అనే మాట మన దాకా రాకముందే మన జానపదాలు ఆ పని చేసి పెట్టాయి. విఠలాచార్య గారు తక్కువ ఖర్చుతో తీసిన సినిమాల్లో ట్రిక్కులు ఇవాళ చూస్తే పిల్లలకి కూడా తెలిసిపోతాయి. అయినా కాంతారావు గారు కత్తి పట్టుకుని గుహలోకి వెళ్తుంటే మనం లేచి వెళ్లం. లోపల ఏముందో, ఏం తేవాలో ముందే చెప్పేశారు కదా.

1951లో వచ్చిన ‘పాతాళభైరవి’ని ఈ కోణంలో ఒకసారి చూడండి. తోట రాముడు రాకుమారిని పెళ్లి చేసుకోవాలంటే రాజుతో సమానమైన సంపద తేవాలి. అది వాడి పని. నేపాళ మాంత్రికుడికి కావాల్సింది బలి ఇవ్వడానికి సాహసం, తెలివి రెండూ ఉన్న కుర్రవాడు. అది అడ్డు. ఆ సంగతి మనకి తెలుసు, రాముడికి తెలియదు. అందుకే ఇద్దరూ కలిసి గుహకి వెళ్తుంటే అక్కడ కత్తి లేకపోయినా, దెబ్బ లేకపోయినా టెన్షన్ ఉంటుంది. బలికి ముందు స్నానానికి దిగిన రాముడి మీదికి మొసలి వస్తుంది, దాన్ని చంపితే అది శాపం తీరిన అప్సర అవుతుంది, నిజం చెబుతుంది. ఇప్పుడు మనకి తెలిసింది వాడికీ తెలిసింది. ఆ తర్వాత మాంత్రికుణ్ణే బలి ఇచ్చే ఘట్టం ఎంతో సేపు ఉండదు. అంతసేపు మనల్ని సిద్ధం చేశారు కాబట్టి ఒక్క వేటు సరిపోయింది. కె.వి. రెడ్డి గారి స్క్రీన్‌ప్లేని ఇప్పటి యాక్షన్ రైటర్లు అందరూ కాగితం, పెన్ను పెట్టుకుని చూడాలని నా గట్టి అభిప్రాయం.

పాతవాటి గొప్పే చెబుతున్నాడు అనుకోకండి. 2022 నాటి ‘ఆర్ఆర్ఆర్’లో వంతెన దగ్గరి సీన్‌ని నేను కొత్తగా వచ్చే అసిస్టెంట్లకి ఆపి ఆపి చూపిస్తాను. వంతెన మీద రైలు పేలి నదిలో మంటలు అంటుకుంటాయి, మధ్యలో ఒక పిల్లాడు చిక్కుకుంటాడు. పని ఏమిటో ఒక్క షాట్‌లో తెలిసిపోయింది. వంతెన మీద ఒకడు, కింద ఒకడు. ఇద్దరికీ పరిచయం లేదు, మాట వినపడే దూరం లేదు. చేతి సైగలతో ప్లాన్ వేసుకుంటారు. ఇక్కడ ఆగి చూడండి: ఆ సైగల షాట్లలో ఎవరు ఎటు చూస్తున్నారో ఎక్కడా తికమక లేదు. పైవాడు కిందికి చూస్తాడు, కిందివాడు పైకి చూస్తాడు, మధ్యమధ్యలో ఇద్దరూ, పిల్లాడూ ఎంతెంత దూరంలో ఉన్నారో తెలిసే వైడ్, అంటే దూరం నుంచి అంతా కనపడే షాట్ పడుతుంది. తర్వాత ఒకడు గుర్రం, ఒకడు బైకు. ఒకే తాడుకి రెండు చివర్లా ఇద్దరూ, వంతెనకి చెరో పక్కన దూకుతారు. నిజ జీవితంలో అలా జరుగుతుందా అంటే జరగదు. థియేటర్లో ఎవరూ అది అడగలేదు. తాడు ఎందుకో, ఎటు ఊగాలో మనకి ముందే తెలుసు కాబట్టి, ఆ ఊపులో పిల్లాడు అందుతాడా లేదా అన్న ఒక్క ప్రశ్నే మిగిలింది. నమ్మశక్యంగా ఉండటం కంటే స్పష్టంగా ఉండటం ముఖ్యమని నేను అనేది అందుకే.

అదే సినిమాలో ఇంటర్వెల్‌కి లారీలోంచి జంతువులు దూకే సీన్ గొప్పగా పేలడానికి కారణం గ్రాఫిక్స్ అంటారు చాలామంది. గ్రాఫిక్స్ బాగున్నాయి, నిజమే. కానీ భీమ్ అడవిలో పులిని ఎలా పట్టాడో మనకి మొదట్లోనే చూపించారు, అది ఎందుకో చెప్పకుండా వదిలేశారు. ఇక్కడికొచ్చేసరికి ఆ బాకీ తీరింది. పైగా భీమ్‌కి దొరలు ఎత్తుకెళ్లిన పాప మల్లిని తీసుకెళ్లడం పని, రామ్‌కి వాణ్ణి ఆపడం పని, ఇద్దరూ మనకి కావాల్సినవాళ్లే. రామ్ వెంట మంట, భీమ్ వెంట నీళ్లు పెట్టారు. అంత గందరగోళంలోనూ ఏ మూల ఎవరున్నారో కంటికి తెలుస్తుంది.

ఇప్పుడు కట్‌ల సంగతి. జార్జ్ మిల్లర్ తీసిన ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’ 2015లో వచ్చింది. రెండు గంటల సినిమాలో దాదాపు 2,700 కట్‌లు. సగటున మూడు సెకన్లు కూడా ఒక షాట్ నిలవదు. మీ లెక్క ప్రకారం ఆ సినిమాకి మీరు పడుకోవాలి, కానీ పడుకోరు. చూడాల్సిన ముఖం గానీ, చెయ్యి గానీ, తుపాకీ గానీ ప్రతి షాట్‌లోనూ ఫ్రేమ్ మధ్యలోనే ఉండేలా కావాలని తీశారు. షాట్ మారినప్పుడల్లా కన్ను తెరంతా వెతుక్కోవాల్సిన పని లేదు. ఎడిటర్ మార్గరెట్ సిక్సెల్ ముందు వందల గంటల ఫుటేజీ ఉంది. అందులోంచి ఆమె ఈ ఒక్క క్రమశిక్షణ తప్పకుండా కట్ చేశారు, ఆస్కార్ అందుకున్నారు. ఇంకో పక్క ‘టేకెన్ 3’లో హీరో ఒక ఫెన్సింగ్ దూకే బిట్ ఉంది. ఆరు సెకన్లలో డజనుకి పైగా కట్‌లు. ప్రతి కట్‌కీ మనిషి ఫ్రేమ్‌లో కొత్త చోట ఉంటాడు. అంతా చూశాక ఒక మనిషి ఫెన్సింగ్ దూకాడన్న సంగతి తప్ప ఏమీ మిగలదు.

అలా ఎందుకు కట్ చేస్తారంటే, చాలాసార్లు దాచడానికి. సినిమాలో దెబ్బ నిజంగా తగలదు. పిడికిలి ముఖం పక్క నుంచి పోతుంది, ఆ ఖాళీ కనపడని కోణంలో కెమెరా పెడతారు, ఎదుటివాడు సరైన క్షణంలో తల తిప్పాలి. హీరోకి ప్రాక్టీసుకి టైమ్ లేకపోతే ఆ టైమింగ్ కుదరదు. ఒక షాట్‌లో రెండు మూవ్‌మెంట్లు కూడా కలవవు. అప్పుడు ఫైట్ మాస్టర్ ముక్కలు ముక్కలుగా తీస్తారు, డూప్ వీపు, హీరో ముఖం, మధ్యలో అతికించడానికి విడిగా దగ్గర నుంచి తీసిన పిడికిలి. ఎడిటింగ్ టేబుల్ మీదికి వచ్చేసరికి మా దగ్గర అతకడం తప్ప మార్గం ఉండదు. కెమెరా ఊపేస్తే ఇంకాస్త దాగుతుంది. ఇమాజినరీ లైన్ దాటేశారనుకోండి, అంటే ఇద్దరు కొట్టుకుంటుంటే కెమెరా అకస్మాత్తుగా అటుపక్కకి దూకిందనుకోండి, ఎడమ పక్కవాడు కుడి పక్కకి వచ్చేస్తాడు. ప్రేక్షకుడికి ఆ పేరు తెలియదు, కానీ ఎవరు ఎవర్ని కొట్టారో ఒక్క క్షణం అర్థం కాదు. అలాంటి క్షణాలు ఇరవై పోగైతే తల వాలిపోతుంది.

దీనికి పూర్తిగా వ్యతిరేక దారి హాంకాంగ్ వాళ్లది. దెబ్బని వైడ్‌లో తగిలే దాకా చూపిస్తారు. అక్కణ్ణుంచి దగ్గరి షాట్‌కి వెళ్లేటప్పుడు రెండు మూడు ఫ్రేములు వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెడతారు. సెకనుకి ఇరవై నాలుగు ఫ్రేములు, అంటే ఇరవై నాలుగు బొమ్మలు కాబట్టి అది కంటికి తెలియనంత చిన్న తేడా, కానీ మెదడు రెండు షాట్లనీ కలిపి ఒకే పెద్ద దెబ్బగా తీసుకుంటుంది. నేను టేబుల్ మీద ఒకే దెబ్బని ముందు మామూలుగా, తర్వాత ఇలా వెనక్కి వెళ్లి, రెండు రకాలుగా కట్ చేసి నిర్మాతలకి చూపించాను. కారణం చెప్పలేకపోయినా అందరూ రెండోదే గట్టిగా తగిలిందంటారు. 1985 నాటి ‘పోలీస్ స్టోరీ’లో జాకీ చాన్ షాపింగ్ మాల్‌లో పై అంతస్తు నుంచి బల్బులు చుట్టిన స్తంభం పట్టుకుని జారతాడు. దాన్ని వేర్వేరు కోణాల్లో మళ్లీ మళ్లీ చూపించారు. దాచాల్సింది ఏమీ లేదు కదా. ‘జాన్ విక్’లో షాట్లు అంత నిడివిగా, తల నుంచి కాళ్ల దాకా కనపడేలా ఉండటానికి కూడా ఇలాంటి కారణమే ఉంది. ఆ దర్శకుడు చాడ్ స్టాహెల్స్కీ ఒకప్పుడు ‘మ్యాట్రిక్స్’లో అదే హీరోకి డూప్‌గా చేసిన స్టంట్ మనిషి. పని తెలిసినవాడు పనిని దాచడు.

ఫైటర్ల గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మనం హీరో పేరే చెప్పుకుంటాం. మన జాతీయ అవార్డుల్లో స్టంట్స్‌కి విడిగా అవార్డు మొదలైంది 64వ అవార్డుల నుంచే, అంటే 2016 సినిమాల నుంచే. మొదటిది మలయాళ చిత్రం ‘పులిమురుగన్’కి పీటర్ హెయిన్ అందుకున్నారు. తర్వాత ‘ఆర్ఆర్ఆర్’కి కింగ్ సాల్మన్, ‘హను-మాన్’కి నందు, పృథ్వి అందుకున్నారు. ఆస్కార్ వాళ్లయితే స్టంట్ డిజైన్ అవార్డుని 2027లో విడుదలయ్యే సినిమాల నుంచి ఇస్తామని 2025లో ప్రకటించారు. సినిమా పుట్టినప్పటి నుంచి ఎముకలు విరగ్గొట్టుకుంటున్నవాళ్లకి ఇంత ఆలస్యంగా పేరు రావడం నాకు బాధగానే ఉంటుంది.

స్లో మోషన్ గురించి ఎక్కువ చెప్పను. సెకనుకి తొంభై ఆరు ఫ్రేముల్లో తీసి ఇరవై నాలుగులో వేస్తే నాలుగింతలు నెమ్మదిస్తుంది, అంతే. అది ఎలివేషన్‌కి, అంటే హీరోని పెద్దగా చూపించడానికి పనికొచ్చే సాధనం. హీరో ఒక నిర్ణయం తీసుకున్న క్షణంలో వాడితే రోమాలు నిక్కబొడుచుకుంటాయి. ప్రతి గూండా గాల్లోకి లేచినప్పుడల్లా వాడితే మీరన్నట్టు విసుగే.

గ్రాఫిక్స్ విషయంలో మాత్రం మీతో సగం ఏకీభవిస్తాను. చిక్కేమిటంటే కంప్యూటర్‌లో కెమెరాకి హద్దు ఉండదు. మేఘాల్లోంచి దిగి, గుర్రం కాళ్ల మధ్య నుంచి దూరి, బాణం వెంట పరుగెత్తగలదు. అలా పరుగెత్తిందంటే అక్కడ ఎవరూ నిలబడి చూడటం లేదని మనకి లోపల తెలిసిపోతుంది, బరువు పోతుంది. 1993లో ‘జురాసిక్ పార్క్’లో డైనోసార్లు తెర మీద కనిపించేది మొత్తం కలిపి పావుగంట. టి-రెక్స్ రాకముందు ఏం చూపించారో గుర్తు తెచ్చుకోండి: గ్లాసులో నీళ్లు వణకడం, కట్టేసిన మేక మాయమైపోవడం, దాని కాలు కారు అద్దం మీద పడటం. రాత్రి, వాన, పాడైన కారులో పిల్లలు. ఆ తర్వాత తల పైకెత్తిన జంతువుని మనమెవరం ప్రశ్నించలేదు. మన ‘మగధీర’లో వంద మందితో పోరాటం కూడా అంతే. సెట్ ఏదో, గ్రాఫిక్స్ ఏదో 2009లోనే చాలామందికి తెలుసు. కానీ “వంద” అనే లెక్క ముందే చెప్పేశారు. హీరో అలసిపోతుంటే ఇంకా ఎంతమంది మిగిలారో అని మనం కూడా లెక్కపెడుతూ కూర్చున్నాం. జపాన్ దర్శకుడు కురోసావా 1954లో ‘సెవెన్ సమురాయ్’లో ఇంకా సూటిగా చేశాడు. దోపిడీ దొంగలు నలభై మందికి కాగితం మీద నలభై సున్నాలు గీయించాడు, ఒక్కొక్కడు చచ్చినప్పుడల్లా ఒక్కో సున్నా కొట్టేయించాడు. మూడు గంటలు దాటిన సినిమాలో యుద్ధం ఎంత దాకా వచ్చిందో ప్రేక్షకుడికి క్షణం కూడా అనుమానం రాదు.

హీరోకి దెబ్బ తగలకపోవడం గురించి: రక్తం చూపించినంత మాత్రాన సరిపోదండి. ఒంటి నిండా రక్తం పూసుకుని మళ్లీ అదే వేగంతో కొట్టే హీరోలు ఎంతమంది లేరు! దెబ్బ తగిలితే వాడి పని కష్టమవ్వాలి. ‘డై హార్డ్’లో హీరో విమాన ప్రయాణం బడలిక తీరాలని బూట్లు, మేజోళ్లు విప్పేస్తాడు, తోటి ప్రయాణికుడు ఇచ్చిన సలహా అది. వినడానికి సరదాగా ఉంటుంది. అప్పుడే దొంగలు బిల్డింగ్‌ని పట్టుకుంటారు, వాడు ఉత్త కాళ్లతో మిగిలిపోతాడు. చివరికి విలన్ ఆ పాదాలు చూసి, అద్దాలు పగలగొట్టమంటాడు. గాజు పెంకుల మీద నడిచిన తర్వాత వాడు పాకుతూ, గాజు పీక్కుంటూ ఉంటాడు, వేగం తగ్గిపోతుంది, భార్యతో చెప్పాల్సిన మాట చెప్పుకునేది కూడా అప్పుడే. దెబ్బ కథలోకి వచ్చింది. మన ‘శివ’లో సైకిల్ చైన్ సీన్‌ని 1989 నుంచి జనం చెప్పుకుంటూనే ఉన్నారు. అందులో కొట్టుకునేది ఎంతసేపు? చాలా తక్కువ. అప్పటిదాకా ఊరుకున్న కుర్రాడు వంగి, చైన్ తెంపి చేతికి తీసుకునే దాకా పట్టిన సమయమే ఆ సీన్. ఆ తర్వాత సినిమా అంతా ఆ ఒక్క నిర్ణయానికి వాడు చెల్లించిన మూల్యమే.

పాతవే బాగున్నాయన్న మాటకి చిన్న సవరణ. మీరు మళ్లీ మళ్లీ చూసేవి కాలానికి నిలిచినవి. వాటితోపాటు వచ్చి ఎవరికీ గుర్తు లేకుండా పోయిన కౌబాయ్ సినిమాలు, కత్తి సినిమాలు చాలా ఉన్నాయి, అవి మీ దాకా రావు. ఇప్పటివాటిలోనూ మంచివి ఉన్నాయి. వెతుక్కోవాలంటే ట్రైలర్‌ని ఒకసారి సౌండ్ పూర్తిగా తీసేసి చూడండి. బీజీఎం (నేపథ్య సంగీతం) లేకుండా కూడా ఎవరు ఎవర్ని ఎందుకు తరుముతున్నారో కొంత తెలిస్తే టికెట్ కొనొచ్చు. నడిచివచ్చే కాళ్లు, ఎగిరే కార్లు, అరుపులు తప్ప ఏమీ కనపడకపోతే ఓటీటీలో వచ్చేదాకా ఆగండి. ఇంట్లోవాళ్లందరితో కలిసి చూడాలంటే ‘పాతాళభైరవి’, ఆ తర్వాత ‘ఆదిత్య 369’ పెట్టండి. పిల్లలు పెద్దవాళ్లయితే ‘ఫ్యూరీ రోడ్’ చూపించొచ్చు, చిన్నపిల్లలకి వద్దు.

ఇక తలనొప్పి. కెమెరా ఊగుతుంటే మనం కదులుతున్నామని కన్ను చెబుతుంది, కదలడం లేదని చెవి లోపలి భాగం చెబుతుంది. ఘాట్ రోడ్డులో బస్సెక్కినప్పుడు కొందరికి కడుపులో తిప్పేది కూడా ఈ గొడవ వల్లే. వయసుతో ముడిపెట్టకండి, పాతికేళ్లవాళ్లకీ వస్తుంది. బుక్ చేసేటప్పుడు ముందు వరసలు వదిలేసి, హాల్లో వెనక మూడో వంతులో మధ్య సీట్లు తీసుకోండి. త్రీడీ కళ్లద్దాలు తెర వెలుతురుని సగానికి పైగా తగ్గిస్తాయి, కళ్లకి శ్రమ పెరుగుతుంది, కాబట్టి అదే సినిమా టూడీలో ఉంటే దానికే వెళ్లండి. ఫైట్ మధ్యలో తిప్పినట్టు అనిపిస్తే కాసేపు ఎగ్జిట్ బోర్డు వైపు చూస్తే తగ్గుతుంది. ఇంట్లో కొత్త టీవీలో సినిమాలు సీరియల్‌లా మరీ నున్నగా జారుతున్నట్టు కనిపిస్తుంటే సెట్టింగ్స్‌లో మోషన్ స్మూతింగ్ ఆపేయండి. ఇన్ని చేసినా, ఊపులు లేని మామూలు సినిమాకి కూడా తలనొప్పి వస్తుంటే మాత్రం ఒకసారి కంటి డాక్టర్‌కి చూపించుకోండి.